బెండకాయ ముదిరిన వ్యవహారం

కాకినాడలో జలజాక్షి ఒక మాట రాసింది. రాజమండ్రిలో జోగినాథం గారు అందులో సగం చదివారు. మిగిలిన సగం కూడా ఆయన చదివి ఉంటే ఈ కథ చెప్పే పని నాకూ, చదివే పని మీకూ ఉండేది కాదు.

ఇంటర్నెట్లో 'మిద్దెమీద పెరడు' అని ఒక గ్రూపు ఉండేది. మేడల మీద కుండీల్లోనూ, విరిగిన బకెట్లలోనూ, పాత వాషింగ్ మెషీన్ డ్రమ్ముల్లోనూ కూరగాయలు పండించుకునేవాళ్ళంతా అందులో సభ్యులు. నలభై వేల పైచిలుకు జనం. పొద్దున్న లేస్తే ఎవరి పాదు పూతకొచ్చిందో, ఎవరి మొక్కకి తెగులు తగిలిందో చెప్పుకోవడం, విత్తనాలు కవర్లలో పెట్టి ఒకరికొకరు పోస్టులో పంపుకోవడం, ఇదే వాళ్ళ వ్యాపకం. దాన్ని మొదలుపెట్టినవాళ్ళు ఇద్దరు. జలజాక్షి విత్తనాలు పంచింది. జోగినాథం గారు నియమాలు పంచారు.

జోగినాథం గారు ప్రభుత్వంలో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. పొడుగ్గా, సన్నగా, వేసవిలో కూడా ఫుల్ చేతుల చొక్కాతో ఉంటారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకండీ అని ఎవరైనా అడిగితే, "ఆ దస్త్రం పెండింగులో ఉండిపోయిందండి" అనేవారు. గ్రూపులో ఒక్క సభ్యుడైనా చేరకముందే ఆయన పదమూడు నియమాలు రాసిపెట్టారు. అందులో మూడోది, ముఖ్య పర్యవేక్షకుడు అందుబాటులో లేనప్పుడు మిగిలినవారిలో అందరికన్నా పాత సభ్యుడు ఆ బాధ్యత వహించును అన్నది, అప్పట్లో తను కాశీ వెళ్ళబోతున్నారని రాసుకున్నది. కాశీ నించి వచ్చేశాక దాన్ని తీసెయ్యడం మర్చిపోయారు. జనం అడ్మిన్లు అనేవాళ్ళని ఆయన పర్యవేక్షక వర్గం అనేవారు. ఆ వర్గంలో ఆయనా, జలజాక్షీ కాక ఇంకో ఇద్దరుండేవారు. వాళ్ళ సంగతి వస్తుంది.

ఇక జలజాక్షి సంగతి. ఆవిడ దగ్గర ఎనిమిది పలకల బెండ ఉండేది. అత్తిలి దగ్గర మేనత్త పెరట్లో విత్తనం. కాయ జానెడు పొడుగు, పీచు తక్కువ, పులుసులో వేస్తే ముక్క చెదరదు. ఆ పెరడు ఇప్పుడొక ఫంక్షన్ హాలు వాళ్ళ కార్లు నిలిపే స్థలమైంది. అంచేత ఆ బెండ ఈ లోకంలో మిగిలింది జలజాక్షి మేడ మీద, ఆవిడ గ్రూపు తొలి రోజుల్లో విత్తనం పంపిన కొద్దిమంది మేడల మీద. ఆ కొద్దిమందిలో కొందరు నీళ్ళు ఎక్కువ పోసి చంపారు, కొందరు అసలు పోయక చంపారు. మిగిలింది జోగినాథం గారు.

పోనీ జలజాక్షి మేడ మీద ఉందిగా అంటారేమో. ఉండేది. విత్తనానికని చెట్టునే వదిలేసిన కాయల్ని ఆవిడ పెనిమిటి పాపారావు, ఆవిడ మార్కెట్టుకి వెళ్ళొచ్చేలోగా కోసి, తరిగి, వేపుడు చేసి పెట్టాడు. వేర్లు దూరిపోయి కుండీ నిండిందని ఆ మొక్కలు కూడా పీకి, కుండీ శుభ్రంగా కడిగి బోర్లించాడు.

"కాయలు కాస్త గట్టిగా ఉన్నాయే. అయినా బాగా వేగాయి," అన్నాడు.

జలజాక్షి ఆ వేపుడు వైపు చాలాసేపు చూసింది. ఏడ్చింది కూడా. ఆ వారమంతా ఆయనతో మాట్లాడలేదు. పాపారావుకి మాట్లాడకపోవడం పెద్ద ఇబ్బందేం కాదు గాని, బెండకాయ ఇంత మనసుకి తగిలే వస్తువని ఆయనకి అప్పటిదాకా తెలీదు.

సరిగ్గా అప్పుడే జోగినాథం గారు గ్రూపులో ఒక ఫొటో పెట్టారు. మేడ మీద వరసగా బెండమొక్కలు, మొక్కకి రెండేసి కాయలు, ముదిరి, పలకలు తేలి. పక్కన ఆయన, ఫుల్ చేతుల చొక్కాతో. జలజాక్షికి ప్రాణం లేచొచ్చింది. వెంటనే కింద రాసింది:

"బెండకాయలు బాగా ముదిరిపోయాయండీ జోగినాథం గారూ. విత్తనానికని ఉంచారు కదా, ఎంత మంచి పని చేశారు. మా ఇంట్లో ఒక్క గింజ మిగల్లేదు. ఎండాక ఓ నాలుగు కాయలు నాకు పంపగలరా?"

ఫోన్లకి ఒక దురలవాటు ఉంది. వ్యాఖ్య కాస్త పొడుగైతే మొదటి ముక్క చూపించి, తక్కినది 'ఇంకా చదవండి' అనే మాట కింద దాచేస్తాయి. జోగినాథం గారికి కనిపించింది మొదటి ముక్క. పెళ్ళికాని పెద్దమనిషిని మన వైపు ఏ కూరగాయతో పోలుస్తారో చెప్పక్కర్లేదు. పైగా ఆ వ్యాఖ్య కింద అప్పటికే నలుగురైదుగురు పళ్ళికిలించే బొమ్మలు పెట్టారు. ఇంకా చదవండి అని ఫోను బతిమాలినా ఆయన చదవలేదు. చదవాల్సింది చదివేశాననుకున్నారు.

ఆ సాయంత్రమే వీడియోలో పర్యవేక్షక వర్గ అత్యవసర సమావేశం పెట్టారు.

"సభను ప్రారంభించడమైనది," అన్నారు జోగినాథం గారు. "ఇటీవల గ్రూపునందు ఒకానొక కూరగాయను అడ్డుపెట్టుకుని వ్యక్తిగత దూషణ జరుగుట పర్యవేక్షక వర్గము దృష్టికి వచ్చినది. వ్యక్తి పేరు చెప్పుట సభామర్యాద కాదు. కూరగాయ పేరు చెప్పుట అంతకన్నా కాదు."

"అయ్యో, అది నేను రాసిందేనండీ," అంది జలజాక్షి. "నేనేమన్నానంటే, మీ బెండ..."

"అమ్మా, విచారణలో ఉన్న విషయంపై సభలో చర్చ కూడదు."

వర్గంలో మూడో మనిషి డాక్టర్ ముఖలింగం. ఈయన డాక్టరు తెలుగుకి. 'తెలుగు తిట్లలో వృక్షసంపద' అని సిద్ధాంతవ్యాసం రాసి పట్టా పుచ్చుకున్నారు. ఆ తరవాత ఉద్యోగం చేసినంతకాలం ఆ విషయం గురించి ఆయన్ని ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఇప్పుడు జోగినాథం గారు అడిగారు.

"బెండ ఒక్కటే అనుకోకండి," అన్నారు ముఖలింగం, కళ్ళజోడు తుడుచుకుని. "ఒళ్ళున్నవాణ్ణి గుమ్మడికాయ అంటాం. ఒంట్లో శక్తి లేనివాణ్ణి తోటకూర కాడ అంటాం. గొప్పలు చెప్పేవాడు కోసేవి సొరకాయలు. మనిషిని వాడుకుని వదిలేస్తే కరివేపాకు. అక్కర్లేని చుట్టం బీరకాయ పీచు. పాతబడ్డ ప్రతిదీ చింతకాయ పచ్చడి. కోపిష్ఠి మిరపకాయ. విసుగొస్తే కథా లేదు, కాకరకాయా లేదు అంటాం. ఇక కోపమొస్తే నీ దుంప తెగ అంటాం. అంటే కందా, చేమా, బంగాళాదుంపా అన్నీ పోయాయి. అసలు తెలుగువాడు తిట్టడానికి వాడని కూరగాయ ఏదైనా ఉందా అని నేను ఆరేళ్ళు వెతికానండి."

"ఉందా?" అన్నారు జోగినాథం గారు, ఆశగా.

"క్యాబేజీ. అది కూడా బయటినుంచి వచ్చింది కాబట్టి."

నాలుగో మనిషి కౌశిక్, హైదరాబాదులో సాఫ్ట్‌వేరు. పనిరోజుల్లో ఉద్యోగం, శని ఆదివారాలు టమాటాలు. "సార్, లిస్టు ఇచ్చేయండి. నేనొక బాట్ రాసేస్తా. ఎవడు ఏ మాట వాడినా అదే పట్టుకుని తీసేస్తుంది. మూడుసార్లయితే మనిషినే తీసేస్తుంది," అన్నాడు. దానికి 'కంచె' అని పేరు పెట్టారు. తోటకి కంచె ఉండాలి కదా అని అందరూ సంతోషించారు.

జలజాక్షి మాత్రం, "మరి కూరగాయల గ్రూపులో కూరగాయల పేర్లు లేకుండా ఏం మాట్లాడుకుంటామండీ?" అని అడిగింది.

"సభ్యతగా మాట్లాడుకుంటాము," అన్నారు జోగినాథం గారు.

అలా పద్నాలుగో నియమం పుట్టింది. "ఇందుమూలముగా యావన్మంది సభ్యులకు తెలియజేయునదేమనగా, ద్వంద్వార్థమునకు ఆస్కారమున్న కూరగాయలను గ్రూపునందు ప్రస్తావించరాదు. వాటికి బదులు ఈ దిగువ కేటాయించిన సంఖ్యలను వాడవలెను." సొరకాయ ఒకటి. బెండకాయ నాలుగు. వంకాయ ఏడు. దుంపలన్నీ కలిపి పదకొండు. క్యాబేజీ మాత్రం క్యాబేజీయే.

కౌశిక్ కంచెని రాశాడు. పనిచేస్తోందో లేదో చూద్దామని ముఖలింగం గారి జాబితా మొత్తం గ్రూపులో పెట్టి చూశాడు. పనిచేసింది. కౌశిక్‌ని తీసేసింది. కంచెని ఆపడం కౌశిక్‌కి తప్ప ఎవరికీ చేతకాదు, కౌశిక్‌కేమో ఇప్పుడు గ్రూపులోకి రావడం చేతకాదు. జోగినాథం గారు ఇది విని కంగారుపడలేదు సరికదా, "నిష్పక్షపాతంగా ఉన్నది," అని మెచ్చుకున్నారు.

రెండు మూడు రోజులు గ్రూపు లాటరీ ఫలితాల్లా నడిచింది. "మా ఏడుకి పుచ్చు పట్టిందండీ, ఏం చెయ్యమంటారు?" "రెండు పందిరి ఎక్కింది." "పన్నెండు చేదుగా వస్తోంది, ఎందుకంటారు?" "పన్నెండు చేదుగానే ఉంటుందండీ, అది కాకరకాయ," అని చెప్పబోయిన మనిషిని కంచె పట్టుకుపోయింది.

కాని తెలుగువాళ్ళకి అంకెలు ఇస్తే ఊరుకుంటారా. ఒకాయన ఇంకొకాయన్ని, "చాల్లెండి, మీ ఒకట్లు కోయకండి," అన్నాడు. ఆయన తిరిగి, "నీ పదకొండు తెగ," అన్నాడు. ఇంకెవరో అమలాపురం ఆయన జోగినాథం గారి నియమం కిందే, "ముదురు నాలుగు గారికి మా అభినందనలు," అని రాశాడు. జోగినాథం గారు ఆ రాత్రి అన్నం తినలేదని తరవాత తెలిసింది.

పదిహేనో నియమం వచ్చింది. అంకెలు నిషిద్ధం. దానితో క్యాబేజీ తప్ప ఏమీ మిగల్లేదు. నలభై వేల మంది క్యాబేజీ గురించి ఎంతసేపు మాట్లాడుకుంటారు? పైగా కాకినాడ ఎండలో క్యాబేజీ ఎవడి మేడ మీద కాస్తుంది?

ఇదంతా జరుగుతుంటే జలజాక్షి మనసు మాత్రం ఆ బెండమొక్కల మీదే ఉంది. జోగినాథం గారు క్రమం తప్పని మనిషి. రోజూ పొద్దున్న మేడ మీది ఫొటో ఒకటి, మాట లేకుండా, పెడుతూనే ఉన్నారు. అందులో కాయల రంగు మారుతోంది. ఆకుపచ్చ పోయి గోధుమరంగులోకి తిరుగుతోంది. ఇంకొన్నాళ్ళు పోతే పలకలు విచ్చుకుని గింజలు రాలిపోతాయి. పిచ్చుకలో, చీమలో తినేస్తాయి. లేదా ఈయనే చెట్లు ఎండిపోయాయని ఊడ్చి పారేస్తారు. తన పెనిమిటిలాంటి మగవాడు రాజమండ్రిలో ఇంకొకడు ఉండడని నమ్మకం ఏమిటి?

ఫోన్ చేసింది.

"జోగినాథం గారూ, మీ మేడ మీద ఉన్న ఆ బెం..."

"అమ్మా," అన్నారాయన, "ఆ విషయం విచారణలో ఉన్నది. ఆరోపణకు గురైన వ్యక్తితో పర్యవేక్షకుడు ఫోనులో మాట్లాడుట నియమవిరుద్ధం. తాము ఏదైనా విన్నవించుకోదలచిన యెడల లిఖితపూర్వకముగా గ్రూపులో పెట్టగలరు."

గ్రూపులో పెట్టింది. కంచె తీసేసింది. మళ్ళీ ఫోన్ చేసింది. మళ్ళీ లిఖితపూర్వకం అన్నారు. ఇలా కాదని కూర్చుని, ఏ కూరగాయ పేరూ, ఏ అంకే లేకుండా, జాగ్రత్తగా వెతుక్కుని వెతుక్కుని రాసింది:

"జోగినాథం గారూ, మీ మేడ మీద పొడుగ్గా, సన్నగా, పైనంతా గరుగ్గా ఉండి, ఇప్పుడు వయసు మీరి ఎండిపోతున్నది ఉంది కదండీ. దాన్ని పారెయ్యకండి. నాకు కావాలి."

గ్రూపంతా చదివింది. కంచె కూడా ఒక్క క్షణం ఆలోచించినట్టుంది. మేడ మీద పొడుగ్గా, సన్నగా, వయసు మీరి ఎవరుంటారో జోగినాథం గారికి అర్థమైంది. ఆ ఆఖరి మాట ఆయన మూడుసార్లు చదువుకున్నారట. ఏమనుకున్నారో మనకి తెలీదు గాని, ఆ మర్నాడే జలజాక్షికి తాఖీదు వచ్చింది. "గ్రూపు వేదికపై వివాహితురాలైన పర్యవేక్షకురాలు ముఖ్య పర్యవేక్షకుని గురించి అనుచితముగా..." ఆ తరవాత చదవడం ఆవిడ వల్ల కాలేదు. తను కన్న గ్రూపులోంచి తననే తీసేశారు.

పాపారావు పడక్కుర్చీలో కూర్చుని వేరుశెనగకాయలు వొలుచుకుంటున్నాడు.

"ఏంటే, అలా ఉన్నావు?"

"గ్రూపులోంచి నన్ను తీసేశారండి."

"పోన్లే. నా ఫోన్లో ఉందిగా, చూసుకో," అన్నాడు.

ఉంది నిజమే. గ్రూపు పెట్టిన మొదటి రోజున లెక్కకి ఒక మనిషి ఉంటాడని జలజాక్షే ఆయన చేత బలవంతాన చేర్పించింది. ఆయన ఆ రోజు నించి ఈ రోజు దాకా ఆ గ్రూపు తెరవలేదు. అంచేత ఒక్క పొరపాటు మాట కూడా అనలేదు. జలజాక్షి ఆయన ఫోను పట్టుకుని గది మూలకి వెళ్ళి, ఎవరికీ తెలియకుండా చూడటం మొదలుపెట్టింది. వేలు తగిలి ఏదైనా వ్యాఖ్య పడుతుందేమోనని చూపుడువేలికి బట్ట చుట్టుకుంది.

చూస్తుండగానే గ్రూపు పరిస్థితి దిగజారింది. కూరగాయలూ అంకెలూ పోయాక జనం మెచ్చుకోళ్ళలోకి దిగారు. "ఆహా, ఏం పండించారండీ." "మీకో దండం." "మహానుభావులు." ముఖలింగం గారు వీటిని పరిశీలించి నివేదిక ఇచ్చారు. గోదావరి జిల్లాల్లో మెచ్చుకోలుకీ వెటకారానికీ మధ్య శాస్త్రీయంగా తేడా చెప్పడం కుదరదనీ, 'గారు' అన్న మాటలో కూడా పలికే తీరునిబట్టి మనిషిని నేలమట్టం చెయ్యగల శక్తి ఉందనీ, 'ఆయ్' అన్నది మరీ ప్రమాదమనీ తేల్చారు. బయటినుంచి కౌశిక్ రాసిచ్చిన చిట్కాతో కంచెకి వెటకారం కొలిచే మీటరు తగిలించారు. కాకినాడ, రాజమండ్రి, అమలాపురం నించి వచ్చే ప్రతి మాటకీ అది ముందే కొంత వెటకారం కలుపుకుని చూస్తుంది. రావులపాలెం దాటితే కొంత రాయితీ.

ఒకాయన, "నమస్కారం," అన్నాడు. తీసేసింది. ఇంకొకావిడ, "క్షమించండి," అంది. వెటకారం మరీ ఎక్కువని వెంటనే తీసేసింది. ఒకావిడ ఏమీ అనకుండా క్యాబేజీ బొమ్మ పెట్టింది. అది ఎవర్ని ఉద్దేశించో తెలీదని సంజాయిషీ అడిగింది. ముఖలింగం గారు తన సిద్ధాంతవ్యాసం రెండో భాగం గ్రూపులో పెడుతూ, అందులో ఉదాహరణలు ఉండటం వల్ల, ఒక్క దెబ్బతో పోయారు. పోతూ పోతూ కంచెని, "బీరకాయా," అన్నారట.

రోజూ పొద్దున్న తగ్గిపోతున్న సభ్యుల సంఖ్య పక్కన జోగినాథం గారి ప్రకటన ఒకటి వచ్చేది. "గ్రూపునందు మర్యాద గణనీయముగా మెరుగుపడినది."

జలజాక్షి అవేం పట్టించుకోలేదు. ఫొటో చూసేది, కాయలు చూసేది, కాస్త పెద్దది చేసి మళ్ళీ చూసేది. ఒక రోజు కాండం మీద తెల్లగా దూదిపింజల్లా ఏదో కనిపించింది. పిండినల్లి. మర్నాటికి అది కాయల మీదకి ఎక్కింది. ఆ తరవాతి రోజు పొద్దున్న అసలు ఫొటోయే రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

ఆవిడ మొదట బెండ పోయిందనుకుంది. తరవాత, ఒంటరి మనిషి, ఏమైనా అయిందా అనుకుంది. ఆ రెండో ఆలోచన రాగానే కోపం చల్లారిపోయింది.

"ఏవండీ, లేవండి. రాజమండ్రి వెళ్దాం."

"ఇప్పుడా? ఎందుకే?"

"మీరు వేయించిన కాయల కోసం."

పాపారావు వెంటనే చొక్కా వేసుకున్నాడు. వేపనూనె సీసా, కుంకుడుకాయలు, స్ప్రే డబ్బా సంచిలో వేసుకుని ఇద్దరూ బస్సెక్కారు.

జోగినాథం గారి తలుపు తీసే ఉంది. మేడ మీద ఉన్నారు. గడ్డం పెరిగింది. ఫుల్ చేతుల చొక్కా మోచేతుల దాకా మడిచి ఉంది, దాన్నిబట్టే పరిస్థితి ఎంత చెయ్యి దాటిందో తెలుస్తోంది. బెండమొక్కల ముందు ముక్కాలిపీట మీద కూర్చుని, అగ్గిపుల్లతో ఒక్కో పిండినల్లినీ తీసి కాగితంలో వేస్తున్నారు. వాళ్ళని చూసి లేచి నిలబడ్డారు.

"రండమ్మా," అన్నారు. "ఈ స్థితిలో తమరిని కలుసుకొనుట నియమవిరుద్ధమో కాదో కూడా నాకిప్పుడు తెలియదు. నేను సభ్యుణ్ణి కాను."

"మీరు సభ్యులు కాకపోవడమేంటండీ?"

ఆయన చెప్పారు. మొక్కలకి తెల్లపురుగు పట్టింది. ఎవర్ని అడగాలో తెలీలేదు. ఉన్న స్నేహితులంతా గ్రూపులోనే ఉన్నారు, అంటే ఉండేవారు. గ్రూపులో రాశారు: "దయచేసి పెద్దలెవరైనా సలహా ఇవ్వగలరు. నమస్కారములతో." రాజమండ్రి నించి దయచేసి అనడం వెటకారం. పెద్దలు అనడం వయసుని ఎత్తిపొడవడం. నమస్కారం సంగతి అప్పటికే తేలిపోయింది. ఒక్క వ్యాఖ్యలో మూడు తప్పులు. కంచె ఆయన్ని తీసేసింది.

"అప్పీలు పెట్టుకున్నాను," అన్నారు.

"ఎవరికండీ?"

"ముఖ్య పర్యవేక్షకుడికి. ఆ అప్పీలు నాకే వస్తుంది. అది చూడాలంటే నేను సభ్యుణ్ణయి ఉండాలి." అగ్గిపుల్ల కింద పెట్టి, "పద్ధతి ప్రకారం లోపమేమీ లేదు," అన్నారు. ఆ మాట అంటుంటే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

జలజాక్షి సంచి దించి కుంకుళ్ళు నానబెట్టింది. రసం తీసి, వేపనూనె కలిపి, డబ్బాలో పోసి, మొక్కల మీద కొట్టడం మొదలుపెట్టింది. జోగినాథం గారు వెనకాలే నిలబడి చూశారు. పాపారావు నీడ వెతుక్కుని నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, ఒక్క సంగతి," అన్నారు జోగినాథం గారు చివరికి. "ఆ రోజు తమరు నన్ను అంత మాట ఎందుకన్నారు? మనం ఇద్దరం కలిసి పెట్టుకున్న గ్రూపు కదా అది."

జలజాక్షి స్ప్రే ఆపింది. పాపారావు ఫోను తీసుకుని వెనక్కి వెనక్కి వెళ్ళి, ఆ ఫొటో పట్టుకుని, దాని కింద తన వ్యాఖ్య పట్టుకుంది. పాతవాటి జోలికి కంచె వెళ్ళలేదు. 'ఇంకా చదవండి' అన్నచోట వేలు పెట్టి ఆయన చేతికిచ్చింది.

ఆయన చదివారు. మళ్ళీ మొదటినుంచి చదివారు. సర్వీసంతా ఒక్క కాగితం కూడా చివరిదాకా చదవకుండా సంతకం పెట్టని మనిషి. ముక్కాలిపీట మీద కూర్చుండిపోయారు.

"విత్తనానికా," అన్నారు.

"విత్తనానికేనండి."

"ముదిరినవి పనికొస్తాయా?"

"ముదిరినవే పనికొస్తాయండి. లేతవి కూరకి తప్ప ఎందుకూ పనికిరావు. ఆ కాయల్లో లేకపోతే ఇక ఆ బెండ ఎక్కడా లేదు," అంది జలజాక్షి.

జోగినాథం గారు లేచి, పిండినల్లి ఎక్కని కాయలు ఏరి, ఒక్కొక్కటే కోసి ఆవిడ కొంగులో వేశారు. ఒకటి చేతిలో ఆడించారు. లోపల గింజలు గలగలమన్నాయి. ఆ చప్పుడుకి ఇద్దరూ నవ్వారు.

సరిగ్గా అప్పుడు ముక్కాలిపీట మీదున్న పాపారావు ఫోను మోగింది. పాపారావు వచ్చి అందుకుని, దూరంగా పెట్టుకుని, కళ్ళు చికిలించి చదివాడు.

"ఎవరో కంచె అటే. అభినందనలు అంటున్నాడు. ఈ వారం ఒక్క తప్పు కూడా జరగలేదట. ఉత్తమ సభ్యుడు నేనేనట." ఇంకాస్త చదివాడు. "మూడో నియమం ప్రకారం, మిగిలినవాళ్ళలో అందరికన్నా పాత సభ్యుణ్ణి కాబట్టి ముఖ్య పర్యవేక్షకుణ్ణి కూడా నేనేనట. మిగిలిందీ నేనొక్కణ్ణేనట. మళ్ళీ చేరతామని నలభై వేలమంది అర్జీలు పెట్టారట. ఏం చెయ్యమంటావే?"

జోగినాథం గారు చొక్కా చేతులు కిందికి దించుకుని, మణికట్టు దగ్గర గుండీలు పెట్టుకున్నారు. వెళ్ళి పాపారావుకి ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"అయ్యా, మొట్టమొదటి అర్జీ నాదై ఉంటుంది. తమరు దయతో పరిశీలించగలరు."

పాపారావు ఫోను జరిపి జరిపి పట్టుకున్నాడు. "ఆ, ఉంది మీది. కాని చేర్చుకునే ముందు ఏదో ప్రశ్న అడగాలని ఉందండి ఇక్కడ."

"అది నేను పెట్టిన ప్రశ్నే. అడగండి."

"మీ మేడ మీద ఏ కూరగాయ పండిస్తున్నారు?"

జోగినాథం గారు జలజాక్షి కొంగువైపు చూశారు. "బెండకాయండి," అన్నారు.

పాపారావు ఒకసారి పెళ్ళాం వైపు చూశాడు. తను వేయించిన కాయలు గుర్తొచ్చాయో ఏమో, ఈసారి తప్పు చెయ్యకూడదన్నట్టు జాగ్రత్తగా అడిగాడు.

"లేతదా, ముదురుదా?"

జోగినాథం గారు గొంతు సవరించుకున్నారు.

"ముదురేనండి," అన్నారు. "విత్తనానికి."

పాపారావు వేలికి బట్ట చుట్టుకోకుండానే నొక్కాడు.